కొండదారుల్లో రోజంతా ఒంటరి డ్రైవ్, సాయంత్రానికి టెంట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్కరే కారేసుకుని కొండల్లోకి వెళ్లి, సాయంత్రానికి ఎక్కడో ఒకచోట టెంట్ వేసుకుని పడుకోవాలనుకునే వాళ్లందరికీ ఇంచుమించు ఇవే సందేహాలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నా. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఏ జవాబు చదివినా ఒక్క విషయం మాత్రం మనసులో ఉంచుకోండి: ఇలాంటి ప్రయాణంలో పెట్రోలు కంటే ముందు అయిపోయేది పగటి వెలుగు.

## బయల్దేరే ముందు

ఒక్కరే వెళ్లడం మంచిదేనా? ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు.

ఘాట్ రోడ్డు మీద ఇదివరకు పగలు, వానలో బండి నడిపిన అలవాటుంటే వెళ్లొచ్చు. అలవాటు లేకపోతే మొదటిసారే ఒంటరిగా వద్దు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని ఒకసారి వెళ్లి రండి. ఒంటరి ప్రయాణంలో అసలు ప్రమాదం దొంగలో జంతువులో కాదు, అలసిపోయాక తీసుకునే నిర్ణయాలు. పక్కన మనిషుంటే "ఇక చాలు, ఆపు" అంటారు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ మాట అనేవాళ్లుండరు కాబట్టి ఎన్నింటికి ఆపాలో, ఎక్కడినుంచి వెనక్కి తిరగాలో ఇంట్లో ఉండగానే రాసుకోవాలి. ఇంట్లోవాళ్లకు బండి నంబరు, వెళ్లే దారి, ఆగాలనుకున్న రెండు మూడు చోట్ల పేర్లు కాగితం మీద ఇవ్వండి. దాంతోపాటు ఏ టైముకి మీ కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయండి. ఆ టైము రాత్రి 9కి పెట్టకండి, సిగ్నల్ లేకపోతే వాళ్లు రాత్రంతా టెన్షన్ పడతారు. మర్నాడు మధ్యాహ్నం అని పెడితే సరిపోతుంది.

మ్యాప్‌లో 6 గంటలు అని చూపిస్తోంది. నిజంగా ఎంత పడుతుంది?

నా లెక్కలో 9 గంటలు. కొండల్లో మ్యాప్ చెప్పిన టైముకి సగం కలుపుకోవాల్సిందే. బాగున్న ఘాట్ రోడ్డు మీద కూడా సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకపోవచ్చు, లోడు లారీ వెనక పడ్డామంటే ఇంకా తక్కువ. ఆపైన భోజనం, విశ్రాంతి, రోడ్డు పనులు ఎలాగూ ఉంటాయి. అందుకే టైమును సాయంత్రం నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. సూర్యాస్తమయం 6:30కి అనుకుంటే 4:30కల్లా చోటు దగ్గర ఉండాలి, అంటే ఉదయం 7:30 దాటకుండా బయల్దేరాలి. ఇంకో సంగతి, పంచాంగంలోనో ఫోన్లోనో చూపించే సూర్యాస్తమయం చదునైన నేలకు. లోయలో ఉంటే పడమటి కొండ వెనక్కి సూర్యుడు గంట ముందే వెళ్లిపోవచ్చు.

కారులో ఏమేం చెక్ చేయించుకోవాలి?

బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, టైర్లు, కూలెంట్, లైట్లు, వైపర్లు. వీటిలో జనం పట్టించుకోనిది బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. డాట్ 3 రకానికి ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీలుండాలి, తేమ పట్టాక 140 ఉంటే చాలు. డాట్ 4కి అవే అంకెలు 230, 155. పొడవాటి దిగుడులో ఈ తేడా చాలా పెద్దది, కాబట్టి మార్చి రెండేళ్లు దాటితే మార్పించేయండి.

స్టెప్నీలో గాలి ఉందో లేదో చూడటంతో ఆగకుండా, ఇంటి ముందే ఒక చక్రం నట్లు మీ చేత్తో విప్పి చూడండి. షాపుల్లో గాలి గన్నుతో బిగిస్తారు. కారుతో వచ్చే పొట్టి పానాతో ఎంత తొక్కినా కదలని నట్టు ఒక్కటుంటే చాలు, చీకట్లో స్టెప్నీ ఉండి కూడా ఉపయోగం ఉండదు. పొడవు పిడి ఉన్న పానా ఒకటి కొని డిక్కీలో పడేయండి.

పెద్ద ఎస్‌యూవీ, ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాల్సిందేనా?

అక్కర్లేదు. తారు రోడ్డుకి చిన్న కారు చాలు, చివరి మట్టిదారిలో మాత్రం కింద తగలకుండా ఎత్తు ఉంటే మేలు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని బురదలోంచి లాగుతుందే గానీ దిగుడులో త్వరగా ఆపదు.

సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. జీపీఎస్ సంకేతం ఉపగ్రహాల నుంచి వస్తుంది, దానికి సిమ్ అవసరం లేదు. కావలసిందల్లా ఆ ప్రాంతం మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది, ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఎక్కువసేపు వస్తుంది. అయితే ఆఫ్‌లైన్ మ్యాప్‌కి చరియలు పడి మూసేసిన రోడ్డు సంగతి తెలియదు, ఆ కబురు దారిలో ఎదురొచ్చే డ్రైవర్లనే అడగాలి. ముఖ్యమైన మలుపులు, ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం ఒంటరివాళ్లకు నిజంగా మంచిదే, కానీ కొన్ని దేశాల్లో దానికి అనుమతి కావాలి, ముందే కనుక్కోండి.

అక్కడ ఎంత చలి ఉంటుందో ముందే తెలుస్తుందా?

ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కొండ కింద 25 డిగ్రీలుంటే 2000 మీటర్లు పైకెక్కాక 12 దగ్గర ఉంటుంది, అదీ పగటిపూట. తెల్లవారుజామున ఇంకా పడిపోతుంది. స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు దానిమీద రాసిన అంకెల్లో "కంఫర్ట్" (హాయిగా నిద్రపట్టే చలి) దగ్గరున్నదే చూడండి, "లిమిట్" (ముడుచుకుని ఎలాగో నెట్టుకొచ్చే చలి) దగ్గరున్నది కాదు. బ్యాగ్ మీద డబ్బు పోసి కింద పరుచుకునే మ్యాట్ మర్చిపోయే వాళ్లు చాలామంది. మనిషి బరువుకి కింది భాగం అణిగిపోతుంది, నేల చలి నేరుగా వీపుకి తగులుతుంది.

సామాను ఎలా సర్దాలి?

రాత్రి మొదట కావలసింది చివర సర్దండి. టెంట్, మ్యాట్, వెచ్చని బట్టలు డిక్కీ తెరవగానే చేతికందాలి. తలకి కట్టుకునే టార్చ్, జాకెట్, నీళ్లు, మందులు డ్రైవర్ సీటులోంచే అందాలి. రోజు అవసరానికి మించి ఇంకో 5 లీటర్ల నీళ్లు ఉంచుకోండి.

## దారిలో

ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల వాసన వస్తోంది. ఏం చేయాలి?

వెంటనే, పెడల్ ఇంకా గట్టిగా ఉండగానే, చోటు చూసి పక్కకి ఆపండి. రబ్బరు, రసాయనం కలిసి కాలినట్టుండే ఘాటు వాసన మొదటి హెచ్చరిక. తర్వాత పెడల్ మెత్తబడుతుంది, ఎప్పుడూ తొక్కే లోతుకంటే కిందికి పోతుంది, ఎంత తొక్కినా బండి ఆగీ ఆగనట్టుంటుంది. అంతదాకా రానివ్వొద్దు. ఆపాక కనీసం అరగంట వదిలేయండి. ఎర్రగా కాగిన డిస్కు మీద నీళ్లు పోయకండి, వంకరపోవచ్చు, పగలనూవచ్చు. వీలైతే హ్యాండ్‌బ్రేక్ బదులు గేరులో ఉంచి చక్రాలకు రాళ్లు పెట్టండి.

అసలు వాసన రాకుండా నడపడం ఎలాగంటే, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకు అప్పుడప్పుడు గట్టిగా తొక్కి వదిలేస్తే మధ్యలో చల్లారుతుంది. కాలు దానిమీదే ఆనించి ఉంచితే చల్లారదు. ఆటోమేటిక్ బండిలో కూడా ఎల్ అనో 2 అనో మాన్యువల్ అనో ఉంటుంది, వాడండి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దిగేవాళ్లను దయచేసి అనుకరించకండి. ఈ కాలపు ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు సరఫరానే ఆపేస్తాయి, న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ తిరగడానికి ఖర్చవుతూనే ఉంటుంది.

ఇరుకు మలుపులో ఎదురుగా బండి వస్తే ఎవరు ఆగాలి?

దిగేవాళ్లు ఆగి, ఎక్కేవాళ్లకు దారివ్వాలి. చాలా దేశాల్లో నియమమో ఆనవాయితీయో ఇదే, ఎందుకంటే ఎత్తులో ఆగిన బండిని మళ్లీ కదిలించడం కష్టం. హెయిర్‌పిన్ మలుపులోకి వెళ్లకముందే తలెత్తి పై రోడ్డు చూడండి, పెద్ద బండి దిగుతుంటే అక్కడే కనిపిస్తుంది. మలుపు కనబడకపోతే హారన్ కొట్టండి. వెనక బండివాడు తొందరపెడుతుంటే వెడల్పు చోట పక్కకి తప్పుకుని వెళ్లనివ్వడమే అన్నిటికంటే తేలిక.

పొగమంచు కమ్మేస్తే?

హై బీమ్ వేయకండి, ఆ వెలుగంతా మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. లో బీమ్, ఫాగ్ లైట్లు ఉంటే అవీ వేసి, రోడ్డు అంచు గీత చూసుకుంటూ, కనిపించినంత దూరంలో ఆపగలిగే వేగంతోనే వెళ్లండి. ఏమీ కనిపించకపోతే రోడ్డు మీద ఆగొద్దు, బండి రోడ్డు మీంచి పూర్తిగా పక్కకి దిగే చోటు దొరికాకే ఆపాలి.

మధ్యాహ్నం కునుకు వస్తోంది. కిటికీ దించి పాటలు పెడితే సరిపోతుందా?

సరిపోదు. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లు దాటి వెళ్తుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలితే 65 మీటర్లు, ఘాట్‌లో అంతలోపే మలుపు వచ్చేస్తుంది. బండి భద్రమైన చోట ఆపి, కాఫీ తాగి, 20 నిమిషాలకు అలారం పెట్టుకుని పడుకోండి. కాఫీ ప్రభావం మొదలవడానికి అరగంట దాకా పడుతుంది కాబట్టి లేచేసరికి రెండూ కలిసొస్తాయి. మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య నిద్రమత్తు మామూలే, ఆ విరామాన్ని ముందే టైములో కలుపుకోండి.

పైకెక్కాక తలనొప్పి, వికారం వస్తున్నాయి. ఘాట్ మలుపుల వల్లా?

బండి నడిపేవాళ్లకు మలుపుల వల్ల తిప్పడం అరుదు. 2500 మీటర్లు దాటాక తలనొప్పి వస్తే అది ఎత్తు వల్లేనని అనుకోవడమే క్షేమం. ఇంకా పైకి వెళ్లకండి, తగ్గకపోతే కిందికి దిగండి. 3000 మీటర్ల పైన, పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. కారులో ఒక్కపూటలో దానికి నాలుగింతలు ఎక్కేస్తాం, ఇబ్బంది అక్కడే. అడుగులు తడబడుతున్నా, మాట తికమకగా ఉన్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా అది ఎమర్జెన్సీ. అప్పుడు స్టీరింగ్ పట్టుకోకుండా ఎవరినైనా ఆపి సాయం అడిగి కిందికి దిగాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లు మొదటి రాత్రి మరీ ఎత్తులో టెంట్ వేయొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

రోడ్డు మీదుగా వాగు పారుతోంది. ముందు బండి దాటింది, నేనూ దాటొచ్చా?

వద్దు. పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే మనిషిని పడేస్తాయి, 30 ఉంటే చిన్న కారుని తోసేస్తాయి, 60 అయితే ఎస్‌యూవీ కూడా తేలిపోతుంది. కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనబడదు. పైన వాన ఆగితే కొండవాగు కొన్ని గంటల్లో తగ్గిపోవచ్చు. ఆగండి, లేదా వెనక్కి తిరగండి.

బండి ఎక్కలేకపోతోంది, ఇంజన్ పాడైందా?

చాలావరకు కాదు. టర్బో లేని ఇంజన్‌కి ప్రతి 1000 మీటర్లకు దాదాపు పదో వంతు బలం తగ్గుతుంది, గాలి పలచబడటమే కారణం. గేరు తగ్గించి నిదానంగా ఎక్కించండి, ఇంజన్ వేడి చూపించే ముల్లు మీద మాత్రం కన్నుంచండి. ట్యాంకు సగానికి వచ్చిందంటే తర్వాత కనిపించిన బంకులో నింపేయండి.

## చోటు వెతికేటప్పుడు

ఎక్కడపడితే అక్కడ టెంట్ వేయొచ్చా?

దేశాన్ని బట్టి, నేలను బట్టి ఉంటుంది. నార్వేలో సాగు లేని నేలలో ఇళ్లకు 150 మీటర్ల దూరం పాటిస్తే ఒకటి రెండు రాత్రులు ఉండొచ్చు, స్కాట్లాండ్‌లో 2003 చట్టం ఆ హక్కు ఇచ్చింది. చాలా దేశాల్లో మాత్రం రక్షిత అడవుల్లో అనుమతి తప్పనిసరి, సొంత భూముల్లో యజమానిని అడగాలి. ఖాళీగా కనిపించిందంటే ఎవరిదీ కాదని కాదు. దగ్గరి ఊళ్లో ఒక్క మాట అడిగితే అనుమతితోపాటు రాత్రి ఆ చోటు ఎలా ఉంటుందో కూడా చెబుతారు, అది ఏ మ్యాప్‌లోనూ దొరకదు.

అనుకున్న చోటు నిండిపోయింది. ఇప్పుడేం చేయాలి?

రెండో చోటు, మూడో చోటు ఇంట్లోనే రాసుకుని ఉండాలి. రెండోది దారిలో ముందే దాటి వచ్చినదైతే మంచిది, అది ఎలా ఉందో కళ్లతో చూసి ఉంటారు కదా. మూడోది టెంట్ కాకపోయినా ఫర్వాలేదు, గది అయినా, బండ్లు ఆపుకోనిచ్చే చోటైనా సరే. "ఇంకో పది కిలోమీటర్లు చూద్దాం" అన్న ఆలోచన వచ్చిందంటే అప్పటికే అలసిపోయారన్నమాట. రాసుకున్న టైము దాటాక కొత్త దారి పట్టకండి.

మంచి చోటని ఎలా గుర్తుపట్టాలి?

దిగి, బండి చుట్టూ ఓ ఐదు నిమిషాలు ఊరికే నడవండి. మొదట తల పైకెత్తాలి: ఎండిన కొమ్మలు వేలాడుతుంటే ఆ చెట్టు కింద వద్దు, గాలి లేని రాత్రి కూడా విరిగి పడతాయి. తర్వాత కొండవైపు చూడండి. కింద పడి ఉన్న రాళ్ల మీద నాచు పట్టి నల్లబడి ఉంటే పాతవి, విరిగిన ముఖం తెల్లగా పదునుగా ఉంటే ఈ మధ్యే దొర్లినవి, అక్కడ ఉండొద్దు.

ఆ తర్వాత నీటి జాడ. వాగు ఒడ్డున మెత్తటి చదునైన ఇసుక చూడగానే ఆశపుడుతుంది, కానీ పక్క పొదల్లో నడుమెత్తున ఎండు గడ్డి, పుల్లలు చిక్కుకుని ఉన్నాయేమో చూడండి. వరద అంత ఎత్తుకు వచ్చిందనడానికి అదే ఆనవాలు. మీ నెత్తిన చుక్క పడకపోయినా పైనెక్కడో కురిసిన వానకి వాగు పొంగుతుంది. నీళ్లకు 60 మీటర్ల దూరంలో, కాస్త ఎత్తులో ఉంటే మీకూ మంచిది, అక్కడికి తాగడానికొచ్చే జంతువులకూ మంచిది. మరీ లోయ అడుగున చల్లగాలి పేరుకుంటుంది, మరీ శిఖరం మీద ఈదురుగాలి కొడుతుంది, మధ్యలో ఉన్న మెట్టు నాకెప్పుడూ ఇష్టం.

చివరగా, టెంట్ విప్పకముందే ఆ నేల మీద ఒకసారి వెల్లకిలా పడుకోండి. నిలబడితే చదునుగా కనిపించిన చోటు పడుకోగానే ఎటు వాలిందో వీపుకి తెలిసిపోతుంది. తల ఎత్తువైపు ఉండాలి.

ఇంకా ఎంతసేపు వెలుగుంటుందో ఎలా తెలుస్తుంది?

చేయి పూర్తిగా చాచి, అరచేతిని అడ్డంగా పెట్టి, కొండ అంచుకీ సూర్యుడికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. ఒక్కో వేలికి సుమారు 15 నిమిషాలు. నాలుగు వేళ్లు పట్టాయంటే గంట ఉంది, ఇక వెతకడం ఆపి ఉన్నచోటే చూసుకోండి. సూర్యుణ్ణి నేరుగా మాత్రం చూడొద్దు.

చీకటి పడిపోయింది, చోటు దొరకలేదు.

తెలియని మట్టిదారిలోకి దిగకండి, లైట్ల వెలుగులో గుంటా గట్టూ ఒకేలా కనిపిస్తాయి. వచ్చిన దారినే వెనక్కి వెళ్లి దగ్గరి ఊళ్లోనో, వెలుతురున్న చోటో బండి ఆపి సీటు వాల్చి పడుకోండి. ఇది ప్రయాణం చెడిపోవడం కాదు, మెడ పట్టేసినా ఉదయానికి మనిషి క్షేమంగా ఉంటాడు.

## రాత్రి

కారులో హీటర్ వేసుకుని పడుకోవచ్చా?

ఇంజన్ ఆన్‌లో పెట్టి నిద్రపోకండి. సైలెన్సర్ గొట్టానికి మంచో మట్టో అడ్డం పడితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి రంగూ వాసనా లేదు, నిద్రలో అసలే తెలియదు. అదే కారణంతో స్టవ్ గానీ నిప్పు గానీ టెంట్ లోపల, కారు లోపల వద్దు, ఒక్క నిమిషం కోసమైనా వద్దు. కిటికీ వేలెడు తెరిచి, పొడి బట్టలు మార్చుకుని, మూత గట్టిగా బిగించిన సీసాలో వేడినీళ్లు పోసి కాళ్ల దగ్గర పెట్టుకుంటే చాలావరకు చలి ఆగుతుంది.

జంతువులు టెంట్ దగ్గరికి వస్తే?

అవి మన కోసం రావు, తిండి వాసనకి వస్తాయి. టెంట్‌లో తిండి, పేస్టు, సబ్బు, చెత్త ఏవీ ఉంచకండి. చాలాచోట్ల కారులో పెట్టి తాళం వేస్తే చాలు. ఎలుగుబంట్లు కారు తలుపులు కూడా తెరిచే ప్రాంతాలున్నాయి, అక్కడ ప్రత్యేకంగా పెట్టిన ఇనప పెట్టెల్లోనే ఉంచాలి. వండటం కూడా పడుకునే చోటికి దూరంగానే.

ఉరుములు మొదలైతే టెంట్‌లోనే ఉండొచ్చా?

టెంట్ పిడుగు నుంచి కాపాడదు. రేకు పైకప్పున్న కారు కాపాడుతుంది, లోపలికెళ్లి అద్దాలు ఎత్తేసి, చివరి ఉరుము వినబడ్డాక 30 నిమిషాలు అక్కడే ఉండండి.

భయమేసి నిద్ర పట్టకపోతే?

చాలామందికి మొదటి రాత్రి పట్టదు, దానికి సిగ్గుపడక్కర్లేదు. ఎండుటాకుల మీద ఎలుక నడిచినా పెద్ద జంతువు నడిచినట్టే వినిపిస్తుంది, గాలికి టెంట్ గుడ్డ కొట్టుకుంటే ఎవరో తట్టినట్టుంటుంది. వెలుగుండగానే చుట్టూ తిరిగి ఏది ఎక్కడుందో చూసి ఉంటే సగం భయం పోతుంది. బండిని ముందే రోడ్డువైపు తిప్పి ఆపండి, తాళాలు, టార్చ్, చెప్పులు రోజూ ఒకే చోట పెట్టండి. అప్పటికీ మనసు ఒప్పకపోతే లేచి కారులో పడుకోండి. కొత్తవాళ్లు పలకరిస్తే ఒక్కరే వచ్చారని చెప్పక్కర్లేదు, ఉన్న చోటు ఫోటోలు అక్కడినుంచి వెళ్లిపోయాక పెట్టుకోవచ్చు. మనుషుల తీరు తేడాగా అనిపిస్తే మాత్రం కారణం వెతకకుండా సామాను వదిలేసైనా కదిలిపోండి.

## తెల్లారాక

వాగు నీళ్లు తేటగా ఉన్నాయి. తాగొచ్చా?

మరిగించాకే. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2000 మీటర్ల పైన మూడు నిమిషాలు. ఎత్తుకెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ఎక్కువసేపు ఉంచాలి.

మరుగుదొడ్డి లేదు, ఎలా?

నీళ్లకు, దారికి, టెంట్‌కు 60 మీటర్ల దూరంలో 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, తర్వాత అదే మట్టితో పూడ్చండి. కాగితాలు, తడి వైప్స్ పూడ్చకుండా కవర్లో వేసి వెనక్కి తెచ్చేయండి.

ఉదయం బండి స్టార్ట్ కాకపోతే?

రాత్రి లోపలి లైటు, డిక్కీ లైటు, ఫోన్ చార్జింగ్ వదిలేయడమే ఎక్కువసార్లు కారణం, చలి కూడా బ్యాటరీ బలం తగ్గిస్తుంది. జేబులో పట్టే జంప్ స్టార్టర్ (కారు బ్యాటరీకి తగిలించి బండి స్టార్ట్ చేసే చిన్న బ్యాటరీ) ఒంటరివాళ్లకు కేబుల్స్ కంటే నయం, రెండో బండి అక్కర్లేదు. దాన్ని ఇంట్లోనే నిండా చార్జ్ చేసి తెచ్చుకోండి, రాత్రి చలిలో వదిలేయకండి.

తిరిగి ఎప్పుడు బయల్దేరాలి?

వెలుగు రాగానే కాదు, రోడ్డు మీదికి ఎండ వచ్చాక. నీడ పడే మలుపుల్లో తెల్లవారుజామున తడి, చల్లని చోట్లయితే కంటికి కనిపించని మంచు పొర ఉంటాయి. బయల్దేరే ముందు చుట్టూ తిరిగి టైర్లు చూడండి, బండి కింద నూనె మరక ఉందేమో వంగి చూడండి, రాత్రి వానొస్తే ముందున్న రోడ్డు సంగతి పైనుంచి వచ్చే బండిని ఆపి అడగండి. మొదటి సిగ్నల్ తగలగానే బండి పక్కకి ఆపి ఇంట్లోవాళ్లకు ఫోన్ చేయండి, మిగతా మెసేజ్‌లు తర్వాత.